చేప చెప్పిన చోటు

పదకొండవ భాగం

పోయిన వారం మనం తోకియేను పరీక్షగదిలో, యంత్రపు తెర మీద అరచేయి అడ్డం పెట్టుకొని నిలబడి ఉండగా విడిచి వచ్చాము. ఆ చేతి వెనుక ఉన్న అంకె నాలుగు వందల ఎనభై మూడు.

ఇసోనె రేవులో అక్షరం రాని ముసలివారికి కూడా ఆ అంకెకు అర్థం తెలుసు. కిలో చేప మాంసంలో సీసియం నూరు బెకరెల్లు దాటితే అమ్మరాదన్నది ప్రభుత్వం గీసిన గీత. యాభై దాటినా రేవు దాటనివ్వరాదన్నది ఇసోనె మత్స్యకారుల సంఘం తనకు తానై గీసుకున్న గీత. భూకంపం వెనుకనే లేచిన ఉప్పెన అల దెబ్బకు దక్షిణాన అణువిద్యుత్ కేంద్రం బద్దలై సముద్రంలో విషం కలిసి పదకొండేళ్లు గడిచినవి. అప్పటి నుంచి ప్రతి పడవ దించిన ప్రతి జాతి చేపలోనూ ఒకదానిని కోసి, నూరి, డబ్బాలో కూరి యంత్రానికి అప్పగించడమే తోకియే వృత్తి. ఈ ఉదయం ఆ డబ్బాలో ఉన్నది ఒక నల్ల రాతిచేప. దానిని తెచ్చినది యహాతా మారు అనే పడవ. ఆ పడవకు యజమాని ఇసాకు, తోకియే భర్తకు స్వయానా అన్న. పట్టిన చోటు వ్రాయవలసిన గడిలో ఇసాకు తన చేతితోనే ‘నకానె’ అని వ్రాసి ఉన్నాడు.

నకానె అంటే రేవుకు ఎదురుగా నీళ్లలో మునిగి ఉన్న రాతిదిబ్బ. అక్కడి రాతిచేపల అమ్మకం మీద ఇన్నేళ్లుగా ఉన్న నిషేధం తొలగి, సరిగ్గా ఈ ఉదయమే మొదటి వేలం. టోక్యో నుంచి వర్తకులు వచ్చి ఉన్నారు. ఎనిమిదిన్నరకు గంట మ్రోగుతుంది. నకానె పేరు పక్కన ఆ అంకె పడినదా, దిబ్బ తిరిగి మూతపడుతుంది. ఇరవై రెండు పడవలు మళ్లీ కట్టుకొయ్యలకు వ్రేలాడవలసినదే.

"ఏమే, ఆ చెయ్యి అక్కడే అతుక్కుపోయిందా? అదేమన్నా పసిపిల్ల నుదురా, జ్వరం చూస్తున్నావ్?"

ఆ మాట అన్నది మిత్సుయో. కోత బల్ల దగ్గర తోకియేకు తోడుగా పదకొండేళ్లుగా కత్తి పట్టిన మనిషి. ఇద్దరికీ ఆ అల వచ్చిన ఒక్క మధ్యాహ్నమే సర్వస్వాన్నీ తీసుకొని పోయినది. తోకియే భర్త షుహెయి, భూకంపం కుదుపు ఆగీ ఆగకముందే, పడవను కాపాడుకొనడానికి రాబోయే అలకు ఎదురుగా సముద్రంలోకి నడిపి, తిరిగి రాలేదు. మిత్సుయో కూతురు సయో రేవు పక్కనున్న మంచుగడ్డల కర్మాగారంలో పనిలో ఉండి, కనిపించకుండా పోయినది. అప్పటికి దానికి పందొమ్మిదేళ్లు. ఆ దుఃఖంలో తోకియే మౌనాన్ని ఆశ్రయించినది. మిత్సుయో వేళాకోళాన్ని ఆశ్రయించినది. ఎవరి గొడుగు వారిది.

"ఏం లేదక్కా. మళ్లీ పెడుతున్నా."

"మళ్లీనా! యంత్రం అబద్ధమాడదు, మనుషులే ఆడతారని నా చెవులు చిల్లులు పడేట్టు చెప్పిందెవరే? ఇవ్వాళ యంత్రం మీద నీకు అనుమానమొచ్చిందంటే సూర్యుడు పడమట పొడిచుంటాడు. ఆ పొగమంచులో ఎటు పొడిచాడో కనపళ్ళేదు గానీ."

తోకియే కొత్త కత్తి తీసినది. కొత్త పలక పరిచినది. మొదటి చేప తడి రెండవ చేపకు అంటితే అంకె చెడుతుంది. అందుచేత ఆ గదిలో కడగని కత్తిని బల్ల మీద పెట్టడం, పూజగదిలో చెప్పులు విడవడంతో సమానం. మిగిలిన సగం చేపను ముళ్లు తీసి, మెత్తగా నూరి, డబ్బాలో గాలి లేకుండా అదిమి, యంత్రం నోట పెట్టి మూత బిగించినది. యంత్రానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

"ఊరికే కూర్చోకపోతే ఆ తలన్నా ఇటు తిప్పు" అన్నది మిత్సుయో. "ముందంతా తెల్లబడిపోయింది. ఆదివారం మా ఇంటికొచ్చెయ్, రంగు వేస్తా. ఈ రేవులో సగం తలలు నా చేతి రంగువే. ఆ నెమోతో ముసలాడి మీసంతో సహా."

"నాకెందుకక్కా ఇప్పుడు రంగు?"

"నీకు కాదే, చూసేవాళ్లకి. పొద్దున్నే పొగలో నిన్ను చూసి, ఎవరో పోయినోళ్లు లేచొచ్చారనుకుని జడుసుకుంటున్నారు."

తోకియే నవ్వలేదు. చేప తలను దగ్గరకు లాగి, చెవి వెనుక చిన్న ఎముక గూటిలో నుంచి బియ్యపు గింజ కన్న కొంచెం పెద్దదైన తెల్లని రాయిని పట్టకారుతో బయటికి తీసినది. చేప చెవిలో పెరిగే ఆ రాతికి, చెట్టు మానుకు వలెనే, ఏడాదికి ఒక వలయం చేరుతుంది. దానిని విరిచి, దీపం మీద కొద్దిగా కాల్చి, భూతద్దం కింద పెట్టి లెక్కించినది. పద్నాలుగు. ఆ అల వచ్చిన నాటికి ఈ చేపకు మూడేళ్లు.

రాతిచేప తాను చేరిన రాతిని ప్రాణం ఉన్నంత వరకు వదలదు. నకానె దిబ్బ నుంచి గడచిన మూడేళ్లలో మూడు వందల చేపలను తోకియే తన చేతులతో కోసినది. పన్నెండు దాటిన అంకె ఒక్కటి లేదు. చేప ఒంట్లోని విషం, శుభ్రమైన నీటిలో ఉంటే, ఏడాదికల్లా కరిగిపోతుంది. ఇంత విషం నిలిచి ఉన్నదంటే ఇది నిన్నటి దాకా ఆ కేంద్రపు గోడల కిందనే మేసి ఉండాలి. అక్కడ చుట్టూ పది కిలోమీటర్ల మేర వల వేయడం నిషిద్ధం.

యంత్రం కూసినది. నాలుగు వందల డెబ్బై తొమ్మిది.

ఈసారి మిత్సుయో కూడా చూచినది. ఆమె నోట మాట ఆగడం తోకియే ఎరిగినంతలో అదే మొదలు.

"నెమోతోతో చెప్పాలి" అన్నది చివరకు, గొంతు తగ్గించి. నెమోతో సంఘానికి అధ్యక్షుడు.

"గంట కొట్టేదాకా టైముందక్కా. అరగంట ఇవ్వు."

"అరగంటలో సముద్రాన్ని కడిగేసొస్తావా?"

"చేప ఎక్కడిదో అడిగొస్తా."

"ఎవర్నే, చేపనా?"

"చేప చెప్పేసింది. తెచ్చినాయన్నే అడగాలి."

నివేదిక కాగితాన్ని మడిచి పైగుడ్డ జేబులో పెట్టుకొని ఆమె బయటికి నడిచినది.

*

యమాసె గాలి తూర్పు నుంచి పొగమంచును రేవులోకి తోలుతున్నది. పది అడుగులకు అవతల మనిషి ఆకారమే గాని ముఖం తెలియదు. అటువంటి ఉదయాలలో రేవులో నడిచేవారు ఎదురైన ప్రతివారిని ముందుగా తామే పలకరిస్తారు. బదులు వస్తే మనిషి. రాకపోతే, రెండవసారి పిలవరు.

"తోకియే గారేనా?" అన్నది పొగలో నుంచి నెమోతో గొంతు. ఈ రోజు కోసమని కొనుక్కున్న కొత్త టోపీ ముందు కనిపించి, తరువాత మనిషి కనిపించాడు. "కాగితం ఇంకా రాలేదేంటండీ? టోక్యో పెద్దమనుషులు కాళ్లు చల్లబడి గంతులేస్తున్నారు."

"గంట కొట్టే టైముకి ఇస్తానండి."

"ఏం ఇబ్బంది లేదుగా?"

పదకొండేళ్లలో ఈ ప్రశ్నకు ఆమె ఎన్నడూ తడుముకొని ఎరుగదు. "గంట కొట్టే టైముకి ఇస్తానండి" అన్నది మళ్లీ.

యహాతా మారు రేవు చివర కట్టి ఉన్నది. ఇసాకు డెబ్బై ఒక్క ఏళ్ల వాడు. కడిగిన నేలనే మళ్లీ కడుగుతూ ఉన్నాడు. ఆమెను చూచి కూడా చీపురు ఆపలేదు.

"బావగారూ, ఆ రాతిచేప ఎక్కడిది?"

"రాశాను కదమ్మా. నకానె."

"రాసింది చదివానండి. చేప ఎక్కడిదని అడుగుతున్నా."

"నకానె చేప కాకపోతే నా పెరట్లో మొలిచిందా?"

తోకియే అరచేయి చాచినది. అందులో విరిగిన చెవిరాయి రెండు ముక్కలు. "పద్నాలుగేళ్లది. యంత్రం నాలుగొందల ఎనభై చెప్పింది, రెండుసార్లూ. ఇది నకానెలో పుట్టలేదు, పెరగలేదు. ఆ నిషేధపు గీత లోపలికి వెళ్లారా మీరు?"

ఇసాకు చీపురును పడవ గోడకు ఆనించాడు. ఆ రెండు తెల్లని ముక్కల వైపు, వైద్యుడు చూపిన ఎక్సరేను చూచినట్లు చూచాడు.

"ఇంత రాయికి ఇంత నోరా!" అన్నాడు.

"బావగారూ."

"వెళ్లా. ఇవ్వాళొక్కరోజు కాదు. పదకొండేళ్లుగా, నెలకోసారి. జీపీఎస్ ఆపేసి, లైటు తీసేసి. తెల్లారేటప్పుడు ఓ నాలుగు నిమిషాలు పొగమంచు పైకి లేస్తుంది చూడు, అప్పుడు కొండనీ పొగగొట్టాన్నీ ఒక గీతలో పెట్టుకుని వల వేస్తా, తమ్ముడిదేదన్నా తగుల్తుందేమోనని. మొదటేడు ఎండాకాలం చిడోరి వెనక పలక ఆ వైపునే గదా తేలింది."

చిడోరి మారు అన్నది షుహెయి పడవ. ఆ పేరును ఇసాకు నోట ఆమె ఇన్నేళ్లలో విని ఉండలేదు. ఆనాడు యహాతా మారు మరమ్మతుకని ఒడ్డు మీద, చక్రాల మీద ఉన్నది. అన్న పడవ ఒడ్డున ఉండిపోయినది, తమ్ముడి పడవ అలకు ఎదురు వెళ్లినది. ఆ చిన్న తేడాకు ఇసాకు ఎంత వడ్డీ కడుతూ వచ్చాడో తోకియేకు ఈ క్షణంలో గాని అర్థం కాలేదు.

ఆమెకు తనదైన అప్పు ఒకటి ఉన్నది. ఆ మధ్యాహ్నం కట్టుకొయ్య నుంచి చిడోరి తాడు విప్పి పడవలోకి విసిరినది ఆమె చేతులే.

"చేపలు పడితే?" అన్నది.

"వెనక్కి వేసేసేవాణ్ణి. ఒక్క పొలుసు కూడా ఒడ్డుకు తీసుకురాలా. నా కూతుళ్ల మీదొట్టు."

"మరి దీన్నెందుకు తెచ్చారు? నకానె తెరిచే రోజున! ఊరంతా పదకొండేళ్లు పస్తుండి కూడబెట్టుకున్న పరువు బావగారూ ఇది!"

"నాకు తెలీదా? ఎబిసు వచ్చిన వలలో చేపని వెనక్కి వేస్తారా ఎవరన్నా? నువ్వయితే వేస్తావా?"

తోకియే చాచిన అరచేయిని మూసినది.

సముద్రంలో పోయినవారిని ఆ తీరంలో శవమని అనరు. ఎబిసు అంటారు, వేటనిచ్చే దేవుడి పేరు పెట్టి. ఎబిసు గాని, ఎబిసుకు చెందిన వస్తువు గాని వలలో వస్తే, దానితో వచ్చిన చేప పోయినవాడు పంపిన కానుక. దానిని తిరిగి నీళ్లలో వేయడమంటే, నీవు మాకు వద్దని వాడి ముఖాన తలుపు మూయడమే. ఈ రేవులో పడవ నడిపిన ఏ మనిషీ, తల తెగినా, ఆ పని చేయడు. ఇసాకు చేసిన తప్పును మరొక ఊరివాడు చేసి ఉండడు. ఇసోనెలో ఎవరైనా చేసి ఉండేవారు.

"ఇంట్లో పూజబల్ల మీద వాడి ఫోటో ముందు పెట్టి, తర్వాత గోతిలో పాతేద్దామనుకున్నా" అంటున్నాడు ఇసాకు. "బకెట్లో దాచి దిగుతున్నా. ఆ మిత్సుయో కంట పడింది. 'రాతిచేప ఒక్కటే ఉందా, ఒక్కటున్నా పరీక్ష పరీక్షే, ఇటివ్వు' అని లాగేసుకుంది. ఆవిడ చూసిన చేప దేవుడిక్కూడా దక్కదు. ఆ హడావుడిలో నోటికొచ్చిన చోటు రాసేశా."

"ఏం వచ్చింది?" అన్నది తోకియే. "వలలో ఏం వచ్చింది?"

*

చుక్కాని గదిలో ఉతికిన తెల్ల తువ్వాలు మీద అది ఉన్నది. వల తేలడానికి కట్టే నారింజ రంగు బంతికి, పసుపుపచ్చ వానకోటు చీల్చిన గుడ్డతో చుట్టి, సన్నని తాడుతో బిగించిన మూట. గుడ్డకు నాచు పట్టి ఉన్నది. బంతి నెర్రెలిచ్చి సగం నీరు నిండి ఉన్నది. గుడ్డ చిరుగులో నుంచి దేవదారు చెక్క మూల ఒకటి కనిపిస్తున్నది.

ఆమె చేయి, ఆమె ఎరుగకుండానే, జేబులోని, అణుధార్మికతను కొలిచే చేతి మీటరును తీసి ఆ మూట మీద పట్టినది. టిక్కు. కొంత నిశ్శబ్దం. టిక్కు, టిక్కు. దూరాన ఎవరో తలుపు తడుతున్నట్లుగా ఉన్నది ఆ చప్పుడు. తాను చేస్తున్న పని తెలిసి ఆమె సిగ్గుతో మీటరు ఆపినది.

"అలవాటమ్మా" అన్నాడు ఇసాకు, ఎటో చూస్తూ. "పొద్దున నేనూ అదే చేశా."

"ముడి చూశారా?"

"పెట్టె కన్నా ముందు ముడినే చూశా. అందుకే విప్పలా."

షుహెయి ఎడమచేతి వాటం వాడు. రేవులో అందరి ముడులు ఒకవైపు తిరిగితే అతని ముడి మరొకవైపు తిరిగేది. ఇంట్లో బియ్యం సంచి మొదలు వానకోటు నాడా దాకా అతను వేసిన ముడులను ఇరవై ఆరేళ్లు విప్పినది ఆమె.

ఆ పెట్టెను గూర్చి చెప్పవలసి ఉన్నది. కొత్త పడవ కట్టినప్పుడు వడ్రంగి చుక్కాని గది అడుగున ఒక చిన్న పెట్టెను దాచి మేకులు కొడతాడు. యజమాని భార్య తల వెంట్రుకల పాయ ఒకటి, రెండు పాచికలు, పన్నెండు నాణేలు, కాగితపు బొమ్మల జంట అందులో ఉంటాయి. అది పడవకు ప్రాణం. పడవను శాశ్వతంగా విడిచిపెట్టేటప్పుడు తప్ప ఆ మేకులు ఎవరూ పెరకరు. అప్పుడు కూడా పెరకవలసినవాడు యజమాని, అదీ అందరికన్న చివర.

"అంటే అల ఆయన్ని తీసుకెళ్లలేదు" అన్నది తోకియే. "మునిగిపోయే పడవలో మేకులు పీకే టైముండదు."

"ఎక్కాడు" అన్నాడు ఇసాకు. "మా తమ్ముడు అలని ఎక్కాడు. ఎక్కి, అవతలకి దిగాడు."

పడవ అడుగున నీరు మెల్లగా తట్టుతున్నది.

"అమ్మా తోకియే." ఇసాకు టోపీ తీశాడు. "జీవితంలో నిన్నేమీ అడగలా. ఇదొక్కటి అడుగుతున్నా. ఆ చేపను లేదనెయ్. యహాతా ఇవ్వాళ రాతిచేప దించలేదని రాసి, కాగితం చించెయ్. ఎవరికీ నష్టం లేదు. నకానె తెరుచుకుంటుంది. నేను ఇంకొక్కసారి వెళ్లొస్తా. చోటు దొరికిందమ్మా, ఇప్పుడు వదిలేస్తే ఎట్లా? నిజం రాశావో, నా లైసెన్సు పోతుంది. పోతే పోయింది. మరి వాణ్ణెవరు తెస్తారు?"

నిజమే, ఎవరికీ నష్టం లేదు. ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన అబద్ధాలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయని తోకియేకు తెలియనిది కాదు. పదకొండేళ్లుగా, కొనేవారు భయపడి మొగం తిప్పుకొన్న రోజులలో కూడా, ఆమె వ్రాసిన అంకె ఒక్కటే ఇసోనెకు మిగిలిన ఆస్తి. కాని ఆ ఆస్తికి ఎదురుగా త్రాసులో ఉన్నది ఆమె భర్త. అతని పేరును పోయినవారి జాబితాలో చేర్చడానికి ఆమె ఈనాటికీ సంతకం పెట్టలేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చొని ముడి మీద వేళ్లు ఉంచినది. తిరగవలసిన వైపు వేళ్లకే గుర్తున్నది. ముడి వీడినది.

వానకోటు గుడ్డ కింద ఎర వేసే ప్లాస్టిక్ సంచి, దాని కింద మరొకటి, ఆ లోపల పెట్టె. మూత తీయగానే దేవదారు వాసన, అంత నీటి తరువాత కూడా, సన్నగా తగిలినది. పాచికలు. నల్లబడిన నాణేలు. తెల్లదారంతో కట్టిన పాయ ఒకటి, కాటుక వలె నల్లగా. అది ఆమెదే, ఇరవై ఏడేళ్ల నాటిది. తన వెంట్రుకలు తనకన్న చిన్న వయసులోనే ఉండిపోయినవి.

ఆ పాయ పక్కన మరొక పాయ ఉన్నది.

నలుపు కాదు, రాగిరంగు. వేసుకొన్న రంగు. ఎర్రని రబ్బరు పట్టీతో కట్టి ఉన్నది.

పెట్టెలో ఒకరి వెంట్రుకలే ఉంటాయి. ఇసాకు అది చూచి, చూడనట్లు కిటికీ వైపు తిరిగాడు. ఆ తిరగడం తోకియేకు చెంపదెబ్బ వలె తగిలినది.

పెట్టె అడుగున, చేపల బుట్టలకు కట్టే తడవని చీటీ ఒకటి మిగిలినది. పెన్సిలు వ్రాత. అక్షరాలు ఎడమకు వాలి ఉన్నవి.

*13వ తారీకు, మధ్యాహ్నం. రెండో పొగగొట్టం మీద ఒనిగామె కొండ మెడ. కింద రాయి. ఇంజను లేదు. నిన్న పెద్ద చప్పుడు, తెల్ల పొగ. పడవలు రావట్లేదు. నీళ్లు అయిపోయాయి. ఇద్దరం.*

అల వచ్చినది పదకొండవ తారీకున. రెండు పగళ్లు, రెండు రాత్రులు షుహెయి బ్రతికి ఉన్నాడు. ఆ కేంద్రం బద్దలవడం కళ్లతో చూచాడు. ఆ నీటి నుంచి మనుషులందరూ పారిపోతున్న సమయంలో ఆ నీటి మీదనే ఉన్నాడు. వెతకడానికి ఒక్క పడవనూ ఎవరూ పోనివ్వలేదు.

"ఒక్కడే వెళ్లాడు" అన్నది ఆమె నెమ్మదిగా. "నేనే కదా తాడు విప్పాను. పడవలో ఒక్కడే ఉన్నాడు."

ఇసాకు చీటీలోని మొదటి వాక్యాన్నే పెదవులు కదుపుతూ మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. కేంద్రపు పొగగొట్టం మీద కొండ మెడ: రెండు ఆనవాళ్లను ఒక గీతలో పెట్టి సముద్రంలో చోటును గుర్తుపెట్టుకొనే పాత పద్ధతి. తండ్రి ఇద్దరికీ ఒకే పడవలో నేర్పినది.

"ఇక్కడే" అన్నాడు. "నేను వల వేసింది సరిగ్గా ఇక్కడే. కింద రాయి... ఆ చేప రాయి."

తోకియే లేచినది. ఆమెకు హఠాత్తుగా, పరీక్షగది గోడ మీద పదకొండేళ్లుగా వ్రేలాడుతున్న నియమం, తాను కంఠస్థంగా ఎరిగినది, మొదటిసారి చదివినట్లుగా జ్ఞాపకం వచ్చినది.

"బావగారూ, అంకె నూరు దాటితే ఏం జరుగుతుంది?"

"అమ్మకం ఆగుతుంది."

"ఆ తర్వాత?"

"సర్వే ఓడ..." ఇసాకు ఆగిపోయాడు.

"మూడు రోజుల్లోపల సర్వే ఓడ ఆ చోటికి వెళ్లి తీరాలి. నీళ్లు, బురద, చేప మూడూ పైకి తేవాలి. అడుక్కి కెమెరా దించాలి. నిషేధం ఉందా లేదా అని చూడదు, కాగితం మీద ఏ చోటుంటే ఆ చోటికే వెళ్తుంది." ఆమె జేబులోని కాగితం తీసి, చేపలపెట్టె మూత మీద పరిచినది. "నకానె అని ఉంటే నకానెకి వెళ్తుంది. చేపే లేదంటే ఎక్కడికీ వెళ్లదు. మీరు ఇంకో పదకొండేళ్లు నెలకోసారి నాలుగు నిమిషాలు వెతుకుతారు. మీకప్పటికి ఎనభై రెండు."

"నువ్వే రాసెయ్యి."

"నేను రాస్తే మీ మీద ఫిర్యాదవుతుంది. మీరు రాస్తే మీ మాటవుతుంది."

ఇసాకు పెన్ను అందుకోలేదు. పడవను ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూచాడు. పదిహేనవ ఏట ఎక్కిన పడవల వరుసలో ఇది నాలుగవది. ఇక ఐదవది ఉండదు. తరువాత తడి చేతిని చొక్కాకు తుడుచుకొని, ‘నకానె’ అన్న మాట మీద గీత కొట్టి, తమ్ముడు వ్రాసిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఎత్తి వ్రాశాడు. కింద సంతకం చేశాడు.

"మా నాన్న ఉంటే తన్నేవాడు" అన్నాడు.

"ఎందుకు?"

"వేట చోటు కాగితం మీద రాసినందుకు."

పదకొండేళ్లలో ఆయన ఆమె ఎదుట నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

*

నెమోతో కాగితాన్ని పరీక్షగది గుమ్మంలోనే నిలబడి చదివాడు. కొత్త టోపీ కింద ముఖం రంగు మారినది.

"నాలుగొందల ఎనభై! ఇదీ... ఇది గీత లోపల చోటు కదండీ!"

"అవునండి. ఇసాకు గారే దిద్దారు. సంతకం చూడండి."

"ఈ మాట వర్తకులకి చెప్పాలా?"

"చెప్పాలండి. నకానె చేపల కాగితం ఇదిగో, వేరే. తొమ్మిది పడవలు. ఒక్కదాంట్లో కూడా పన్నెండు దాటలేదు. రెండూ కలిపి చదివి వినిపించండి. చెడ్డ అంకె దాచనివాళ్లు చెప్పిన మంచి అంకెనే జనం నమ్ముతారు."

ఆయన ఏదో అనబోయి, మానుకొని, రెండు కాగితాలూ పట్టుకొని పొగలోకి వెళ్లిపోయాడు. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. ఆ కొంతసేపట్లో తోకియే గడియారం వైపు చూడలేదు. తరువాత గంట మ్రోగినది. ఒకసారి, రెండుసార్లు, వెనువెంటనే వేలంపాట అరుపులు లేచినవి.

మిత్సుయో కత్తితో ఒక నాలుకచేపను చీలుస్తూ ఉన్నది. "పాడుతున్నారే! బతికిపోయాం. ఇంతకీ ఆ తువ్వాల్లో ఏంటే, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చావ్?"

తోకియే పెట్టెను బల్ల చివర ఉంచినది. జరిగినదంతా నాలుగు ముక్కలలో చెప్పినది, చీటీ చూపినది. రెండవ పాయను గూర్చి చెప్పవలెనో మానవలెనో ఆమెకు తెలియలేదు. ఊరి నోటికి అది ఎట్లా ఎక్కుతుందో ఆమె ఊహించుకొనగలదు. అయినా ఈ ఉదయం ఒకదానిని దాచనని తేల్చుకొన్న తరువాత, మరొకదానిని దాచే ఓపిక ఆమెలో లేకపోయినది. మూత తీసినది.

"ఇదెవరిదో తెలీదక్కా" అన్నది. "అడగడానికి ఆయన లేడు. నవ్వుకుంటే నవ్వుకో."

మిత్సుయో నవ్వలేదు. కడగని కత్తిని, రక్తంతో, పొలుసులతో, అట్లాగే తెల్లని పలక మీద పెట్టివేసినది. తడి చేతులు రెండూ పైగుడ్డకు తుడుచుకొన్నది, మళ్లీ తుడుచుకొన్నది, మూడవసారి కూడా తుడుచుకొని, ఒక్క వేలితో, ఎర్రని రబ్బరు పట్టీని తాకినది.

"ఆదివారం" అన్నది. "అలకి ముందొచ్చిన ఆదివారం. వద్దే, నల్లజుట్టే బాగుందే అంటే మా పిల్ల విన్లేదు. ఏడ్చి సాధించుకుంది."

బయట ఎవరో నకానె రాతిచేపకు ధర పెంచారు.

"ఆ రంగు వేసింది నేనే తోకియే."